‘ఉరి సన్న చెయ్’: టీవీ వచ్చినాక మా ఇంటి తెలుగు

2020 మార్చిలో, జనతా కర్ఫ్యూకి రెండు రోజుల ముందు మా బిడ్డ బెంగళూరు నుంచి రాయచూరుకు వచ్చింది. "రెండు వారాలే నాన్నా" అని వచ్చిన పిల్ల నాలుగు నెలలుంది. నేను బ్యాంకులో రిటైరయి అప్పటికి రెండు నెలలే. పొద్దున లేస్తే పోవడానికి బ్రాంచి లేదు, బజారుకు పోదామంటే పోలీసోళ్ళు ఇడవరు. ఇంకేం చేస్తాం, టీవీ ముందర కూర్చున్నాం. మార్చి 28 నుంచి దూరదర్శన్ వాళ్ళు పాత రామాయణం మళ్ళీ వేసినారు కదా, అది చూసిన ఊపులో మా బిడ్డ "నా చిన్నప్పటివన్నీ చూద్దాం" అని యూట్యూబులో ‘అమృతం’ పెట్టింది. ‘ఋతురాగాలు’ పాట వెతికింది. నా కోసమని ‘హమ్ లోగ్’ కూడా పెట్టింది.

నాలుగో రోజో ఐదో రోజో ఆమె ఊరికే ఒక మాట అనింది. "నాన్నా, వీళ్ళల్లో ఒక్కరైనా అవ్వ లాగ మాట్లాడతారేమో చూడు."

అవ్వ అంటే మా అమ్మ. ఆమె పోయి అప్పటికి పదకొండేండ్లు. ఇన్నేండ్లు టీవీ చూసిన నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకపోవడం ఎట్ల సాధ్యమయిందని ఆలోచిస్తూ పోతే ఇదంతా రాయాల్సొచ్చింది. మన దిక్కు తెలుగు ఎట్ల మారిందో చెప్పేటప్పుడు మనం నిజాం కాలం చెప్తాం, 1956 చెప్తాం, క్యాంపుల సంగతి చెప్తాం. టీవీ మాట ఎత్తం. మా ఇంటి వరకు చూస్తే మాత్రం, తెలుగు మారింది టీవీ ముందరే.

ముందు మా అమ్మ మాట ఎట్లుండేదో చెప్పాలి. ఆమె పుట్టిల్లు గద్వాల దిక్కు. 1955లో పెండ్లయి రాయచూరుకు వచ్చినప్పుడు అది జిల్లా దాటి రావడం కూడా కాదు. గద్వాల, అలంపురం అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లా తాలూకాలే. మరుసటి ఏడాది నవంబర్ 1న రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు పోయినాయి, రాయచూరు మైసూరు రాష్ట్రానికి వచ్చింది. పెండ్లయిన ఏడాదికే ఆమె పుట్టిల్లు వేరే రాష్ట్రమయింది.

ఆమె నోట్లో మూడు భాషలు ఒకే గిన్నెలో ఉడికినట్లుండేవి. "వచ్చిండు, పోయిండు" అనేది గద్వాల వరస. కుర్సీ, దవాఖాన, జల్ది, పరేషాన్ – ఇవి ఉర్దూ కాలం నుంచి వచ్చినవి. ఇంక కన్నడం సంగతి. ఇరుగుపొరుగుతో, పాలోళ్ళతో, కూరగాయలోళ్ళతో మాట్లాడి మాట్లాడి కన్నడ మాటలు ఆమె తెలుగులో కూర్చుండిపోయినాయి. ఏది ఏ భాషదో ఆమెకు తెలియదు, అడిగే అవసరమూ ఎవరికీ రాలేదు.

రెండు మాటలు ప్రత్యేకంగా చెప్తా, వీటితో నాకు పని ఉంది. ఒకటి ‘ఉరి’. కన్నడంలో ఉరి అంటే మంట. పొయ్యి మీద ఏదన్నా పెట్టి మంట తగ్గించమని చెప్పాలంటే మా అమ్మ "ఉరి సన్న చెయ్" అనేది. రెండోది ‘సాకు’. కన్నడంలో అది ‘చాలు’ అని అర్థం. అన్నం పెడుతుంటే "సాకు సాకు" అని చేయి అడ్డం పెట్టేది. పుస్తకాల తెలుగులో ఉరి అంటే ఏమిటో, సాకు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. మా ఇంట్ల మాత్రం ఆ మాటలకు ఇంకో అర్థం ఉందని నాకు ఇస్కూలుకు పోయేదాకా తెలియదు.

నేను టీవీ అనేది మొదట చూసింది 1975లో, పదిహేనేండ్ల వయసులో. ఇది చెప్తే బెంగళూరు వాళ్ళు నమ్మరు. ఆ సిటీకి టీవీ కేంద్రం వచ్చింది 1981లో. మాకు అంతకంటే ఆరేండ్లు ముందు! ఎట్లంటే, నాసా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఇస్రో ఒక ఏడాది పాటు వాడుకుంది. ఆ ప్రయోగం పేరు ‘సైట్’. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఆరు రాష్ట్రాల్లో దగ్గర దగ్గర 2,400 వెనకబడిన ఊళ్ళకు నేరుగా టీవీ చూపించినారు. కర్ణాటకలో ఎంచుకున్నవి బీజాపూర్, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు. వెనకబడినందుకు మాకు దక్కిన బహుమానం అనుకోండి.

మా మేనమామ ఊళ్ళో బడి వరండాలో ఆ పెట్టె పెట్టినారు. బడి మీద కోళ్ళ గూటికి కట్టే జాలీ లాంటిదే పెద్ద తీగల గొడుగు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దోళ్ళకు, మొత్తం రోజుకు నాలుగు గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, నడుమ నడుమ పాటలు, ఆటలు. ఒకే ఉపగ్రహం కాబట్టి హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ వంతుల ప్రకారం వచ్చేవి. మాకు రావాల్సింది కన్నడం. అది అయిపోయినాక కూడా జనం లేచేవాళ్ళు కాదు, తెలుగు వంతు దాకా కూర్చునేవాళ్ళు.

ఇందులో ఒక తమాషా ఉంది. మాకు వచ్చే కన్నడ కార్యక్రమాలు తయారయ్యేది హైదరాబాద్‌లో. తెలుగుకూ కన్నడానికీ కలిపి అక్కడే ఒక కేంద్రం పెట్టినారు. 1956లో హైదరాబాద్ నుంచి మమ్మల్ని విడదీసి కన్నడ రాష్ట్రంలో కలిపితే, ఇరవై ఏండ్లకు ఆ కన్నడమే హైదరాబాద్ నుంచి ఆకాశం మీదుగా మాకు దిగింది. అయినా అది మా కన్నడం కాదు, తర్వాత వచ్చే తెలుగు మా తెలుగు కాదు. మా మామ ఒకరోజు వరి తెగులు మీద కార్యక్రమం చూసి వచ్చి "చెప్పింది మంచిదే, ఎవనికి చెప్పిండో తెల్వదు" అన్నాడు. అప్పుడు అందరం నవ్వినాం. ఆ మాటలో ఎంత విషయం ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, వరండాలో పెట్టె మూగదయింది. 1977లో గుల్బర్గాలో ట్రాన్స్‌మిటర్ వచ్చింది గాని, అది మా వరకు అందేది కాదు.

తర్వాత ‘హమ్ లోగ్’. 1984 జులైలో మొదలయింది. మేము పక్కింటోళ్ళ టీవీలో చూసినాం. హిందీ సీరియల్, రాయచూరులో చూసేదెవరు అనుకోవచ్చు. మా నాయన చూసేవాడు. ఆయన చదివింది నిజాం కాలంలో, ఉర్దూ మీడియం. 1956 తర్వాత ఆ ఉర్దూ ఆయనకు ఆఫీసులో పనికి రాకుండా పోయింది. నలభై దాటినాక కన్నడ పరీక్షలకు కూర్చున్న మనిషి. అట్లాంటాయన ‘హమ్ లోగ్’ వచ్చే రాత్రి మాత్రం ఇరవై మంది నడుమ కుర్సీ వేసుకుని కూర్చునేవాడు. బడకీ ఏమనింది, నన్హే ఏమన్నాడు, చివర్లో అశోక్ కుమార్ ఏం చెప్పినాడు, అన్నీ తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. ఆయన చదువుకు విలువ వచ్చింది ఆ అరగంట సేపే. నాకు ‘హమ్ లోగ్’ అంటే ఇప్పటికీ మా నాయన గొంతే వినిపిస్తుంది.

లాక్‌డౌన్‌లో మళ్ళీ చూస్తే కొన్ని భాగాలు భరించలేకపోయినా. ఆ తల్లి భాగవంతి – తాగుబోతు మొగుడు, సాధించే అత్త, నోరెత్తదు. ఆడవాళ్ళు ఇట్ల పడి ఉండకూడదని చూపించడానికే తీసినోళ్ళు ఆ పాత్ర పెట్టినారట. చూసినోళ్ళలో చాలామంది మాత్రం ఆమెనే ఆదర్శం అనుకున్నారు. మేము కూడా అట్లనే అనుకున్నాం. "ఎంత ఓర్పు" అని మా వీధంతా మెచ్చుకుంది. మా బిడ్డ రెండు ఎపిసోడ్లకే లేచి వంటింట్లోకి పోయింది.

రామాయణం గురించి ఎక్కువ చెప్పను. 1987లో ఆదివారం పొద్దున మా అమ్మ స్నానం చేసి, పెట్టె ముందర కొబ్బరికాయ పెట్టి కూర్చునేది. ఆ సంస్కృతం కలిపిన హిందీ ఆమెకు ముక్క అర్థం కాదు. కథ తెలుసు కాబట్టి ఆమెకంటే ముందర ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. ఈ కాలం సీరియళ్ళన్నీ అట్లనే, భాష మాది కాకున్నా ఎవరికీ వింత కాలేదు. మన కర్ణాటకలోనే, అగుంబెలో శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’లో స్వామి హిందీలో మాట్లాడినాడు. అది కూడా మాకు సహజంగానే అనిపించింది. హిందీ వేరే భాష. అది మా మాటను ఏమీ చేయలేదు.

చేసింది తెలుగే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినాయి. మా కేబులోడు కన్నడ ఉదయ టీవీతో పాటు అవి కూడా ఇచ్చినాడు. దూరదర్శన్ తెలుగులో తొంభైల చివర్లో ‘ఋతురాగాలు’ వచ్చింది, యద్దనపూడి సులోచనారాణి కథ, మంజులానాయుడు దర్శకత్వం. సాయంత్రం ఆ పాట మొదలయితే వీధిలో ప్రతి తెలుగు ఇంట్లో నుంచీ అదే వినపడేది. మాకు ఎంత సంతోషమంటే, ఇన్నేండ్లకు మన భాష ఇంట్లోకి వచ్చింది అనుకున్నాం.

వచ్చింది మన భాషేనా అని అడగలేదు. అడగకపోవడానికి ఒక కారణం క్యాంపులు. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొని కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి దిక్కు వచ్చి క్యాంపులు కట్టుకున్న సంగతి మీకు తెలిసిందే. గంగావతి కూడా 1997 దాకా మన జిల్లానే. నేను ఆ వైపు బ్రాంచీల్లో వరి అప్పులు చూసినా. క్యాంపు రైతు వచ్చి "ఏవండీ, మా లోను శాంక్షనయిందాండీ" అంటే, తెలియకుండానే నేను కూడా "అయిందండీ" అనేవాణ్ణి. బ్యాంకులో డబ్బున్న కస్టమర్ల మాట అది. ఇంటికొస్తే టీవీలో డాక్టరు, లాయరు, కాలేజీ పిల్ల మాట్లాడేదీ అదే. రెండూ ఒకటయ్యేసరికి, మంచి తెలుగంటే ఇదే అని స్థిరపడిపోయినాం. క్యాంపు వాళ్ళను ఇందులో తప్పు పట్టను. వాళ్ళను మనం యాభై ఏండ్లు ‘ఆంధ్రోళ్ళు’ అనే పిలిచినాం, వాళ్ళ పిల్లలు కన్నడ బళ్ళలో చదివినారు, వాళ్ళ మాట కూడా నిలబడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 1998లోనో 99లోనో మా సహోద్యోగి ఒకాయన, క్యాంపు కుటుంబం, ఇంటిల్లిపాదీ మా ఇంటికి భోజనానికి వచ్చినారు. పూతరేకులు తెచ్చినారు. ఆమె ఎంతో మర్యాదగా మా అమ్మ పళ్ళెంలో ఒకటి పెట్టి ఇంకొకటి పెట్టబోతే, మా అమ్మ "సాకు తల్లీ, సాకు" అనింది. ఆమెకు అర్థం కాలేదు. "సాకేంటండీ పెద్దమ్మగారూ?" అని నవ్వింది. మా బిడ్డకు అప్పుడు ఎనిమిదేండ్లు. టీవీలో మాట్లాడే పిల్ల లాగ నిలబడి, "మా అవ్వకు తెలుగు సరిగ్గా రాదు ఆంటీ" అనింది.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.

అది అక్కడ ఆగలేదు. పిల్ల అప్పటికే ఇంట్ల అవ్వను దిద్దడం మొదలుపెట్టింది. "వచ్చిండు కాదు అవ్వా, వచ్చాడు." "ఉరి అంటే చచ్చిపోవడం అవ్వా, అట్ల అనకూడదు." మేము దాన్ని పిల్ల తెలివి అనుకుని మురిసినాం. నేను కూడా ఒకటి రెండు సార్లు "అమ్మా, బయటోళ్ళ ముందర కొంచెం చూసి మాట్లాడు" అన్నా. ఆ పూతరేకుల రోజు తర్వాత మా అమ్మ ఎవరైనా వస్తే నమస్కారం పెట్టి నవ్వేది, అంతే. అడిగినదానికి తలూపేది. గద్వాల దిక్కు నుంచి తమ్ముళ్ళు వచ్చినప్పుడు మాత్రం వెనక గదిలో తలుపేసుకుని రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడేది. తలుపెందుకు వేస్తుందని అప్పుడు నేను అడగలేదు. కేబులోడు వచ్చి ఎవరి నాలుకా కోయలేదు. టీవీని కొలబద్ద చేసి మా అమ్మను కొలిచింది నేను, నా బిడ్డ.

‘అమృతం’ దగ్గరికొస్తా. 2001 నవంబర్‌లో జెమినీలో మొదలయి ఆరేండ్లు నడిచింది. గుణ్ణం గంగరాజు గారి సీరియల్. మా ఇంట్ల దానికున్నంత అభిమానం దేనికీ లేదు. మా అమ్మ కూడా నోరు మూసుకోకుండా నవ్విన సీరియల్ అదొక్కటే. మళ్ళీ చూసినా నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మొహం కనపడగానే మా బిడ్డ ఒకసారి ఆపేసింది, ఆయన 2018లో పోయినాడు కదా, కొంచెం సేపు ఇద్దరం ఊరుకున్నాం. ఆ హాస్యం మనుషుల బుద్ధి మీద పుట్టింది, అందుకే పాతబడలేదు. అయితే చెవి పెట్టి వింటే ఒకటి తెలుస్తుంది. కథ జరిగేది హైదరాబాద్‌లో. అమృతరావు, ఆంజనేయులు, వాళ్ళ భార్యలు, ఇంటి ఓనరు అప్పాజీ, అంతా కోస్తా మాట. 2001లో నాకది హైదరాబాద్ మాట అనే అనిపించింది. ఏడుపు సీరియళ్ళలో ఇంకా తేటగా తెలుస్తుంది, పేర్లెందుకు గాని. "వచ్చిండు" అన్నవాడు కనపడితే వాడు వాచ్‌మనో, డ్రైవరో, లేదంటే రౌడీ. నవ్వించడానికో భయపెట్టడానికో మాత్రమే మా మాట అక్కరొచ్చింది. కన్నడ టీవీలో మా రాయచూరు కన్నడానికీ అదే గతి పట్టింది. ఏ దిక్కు తిరిగినా మేము పక్క పాత్రలమే. ఇప్పుడు కొంచెం మారింది, తెలంగాణ మాట హీరోలకు కూడా వచ్చింది. సినిమాల్లో అది విన్నప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తుకొచ్చి, అప్పుడే వచ్చి ఉంటే అనిపిస్తుంది.

మే నెలలో మా బిడ్డ అటక మీది పెట్టెలు సర్దుతూ ఒక క్యాసెట్ దించింది. మీద పిల్లల రాతతో ‘ఋతురాగాలు’ అని ఉంది. అప్పట్లో పాట కావాలంటే టేప్ రికార్డర్ టీవీ ముందర పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరు మూసుకోమని, బటన్ నొక్కేది కదా. ఆ టేపు. మా దగ్గర టేప్ రికార్డర్ పోయి ఎన్నేండ్లో అయింది. కర్ఫ్యూ సడలినాక ఒక రేడియో రిపేరు మనిషి దగ్గర అడిగి తెచ్చినా. రీలు కొంచెం మెలిక పడింది, పెన్సిల్ పెట్టి తిప్పి సర్దినాం.

పాట మొదలయింది. సగం కాకముందే, వెనకాల, వంటింటి వైపు నుంచి, మా అమ్మ.

"ఏయ్ పిల్లా, పాలు పొంగుతుండయ్ సూడు, ఉరి సన్న చెయ్, జల్ది."

వెంటనే దగ్గర నుంచి ఎనిమిదేండ్ల గొంతు కోపంగా "ష్! అవ్వా!" అంటుంది. తర్వాత పాట ఒక్కటే. మా అమ్మ ఇంక మాట్లాడలేదు.

మా బిడ్డ దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నదో లెక్క లేదు. ఆ రోజు మళ్ళీ సీరియల్ ఏదీ పెట్టలేదు. మా అమ్మ గొంతు మా దగ్గర ఉన్నది అంతే, ఐదారు సెకన్లు. ఫోటోలు ఉన్నాయి, పెండ్లి వీడియో ఉంది, అందులో నవ్వుతూ తలూపుతుంది. మాట ఇదొక్కటే. ఆ ఒక్క వాక్యంలో గద్వాల తెలుగు, రాయచూరు కన్నడం, నిజాం కాలపు ఉర్దూ మూడూ ఉన్నాయి. ఇప్పుడు అది మా అందరి ఫోన్లలో ఉంది.

ఒకటి మాత్రం తేలలేదు. నాకు "పొంగుతుండయ్" అని వినపడుతుంది, గద్వాల వరస. మా అక్క ఆదోని కోడలు, ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని విని "కాదురా, పొంగుతాండయ్ అనింది, నీకు చెవులు పోయినాయి" అంటుంది. అట్లయితే అది కర్నూలు వరస, రాయచూరుకు వచ్చినాక అబ్బిందని అనుకోవాలి. సరిగ్గా ఆ అక్షరం మీదనే పాట గట్టిగా వస్తుంది, ఎంత విన్నా తెలియదు. గద్వాల, అలంపురం నుంచి రాయచూరుకు వచ్చిన ఎనభై దాటిన ఆడవాళ్ళు మీ ఇండ్లలో ఎవరన్నా ఉంటే, అడగొద్దు, అడిగితే దిద్దుకుని చెప్తారు. పాలు పొంగేటప్పుడు పక్కన నిలబడి విని రాయండి.